రెండు రోజుల పని

నేను ఒక కీబోర్డును. ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో చెప్పే చీటీ నా వీపు మీద ఉండేది; అదీ చెరిగిపోయింది. ఊహ తెలిసేసరికి హైదరాబాదు మాదాపూర్‌లో, ఓ వీడియో గేముల కంపెనీలో ఉన్నాను. మొదట ఒక అకౌంటెంటు నన్ను పగబట్టినట్టు బాదాడు. తర్వాత తారకేశ్ చేతికి వచ్చాను. అతనికి ఉన్నది ఎడమచెయ్యి ఒక్కటే. కుడిది లారీ ప్రమాదంలో పోయింది.

తయారైన ఆటలో తప్పులు వెతకడం అతని ఉద్యోగం. నడక, గెంతు, కత్తి, గుర్రం అన్నింటినీ నా ఎడమవైపు మీటలకు మార్చుకుని ఆరేళ్లు ఆడాడు. అతను పట్టినన్ని తప్పులు అదే పని చేసే మిగతా నలుగురూ కలిసినా పట్టలేదు.

ఒకరోజు యజమాని కౌశిక్ అందరినీ పిలిచాడు.

"కంప్యూటర్ ఆటలు ఇక చాలు. ఇకమీదట టీవీకి తగిలించే కన్సోల్‌కి చేద్దాం. జనం సోఫాలో కూర్చుని టీవీలో ఆడుకుంటారు."

అందరూ చప్పట్లు కొట్టారు. తారకేశ్ నా పక్కన బల్ల మీద తట్టాడు.

మర్నాడే కన్సోల్ కంట్రోలర్లు దిగాయి. రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఆడేవి అవి.

"బటన్లు మార్చుకునే వీలు పెడితే ఈయన ఒంటిచేత్తో ఆడేస్తారు కౌశిక్. రెండు రోజుల పని," అంది ప్రోగ్రాములు రాసే వకుళ.

"రిలీజయ్యాక చూద్దాంలే. తారకేశ్ గారూ, అప్పటిదాకా మీరు రిపోర్టులు టైప్ చేయండి."

"ఆ తర్వాత నేనుంటానా సార్?"

కౌశిక్ ఫోను చూసుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కంపెనీ బోర్డుకు ఏ రంగు వేయాలో తేల్చడానికి పదిహేను రోజులు కూర్చున్న మహానుభావులకు ఈ రెండు రోజులు బరువయ్యాయి!

నెల తిరిగాక, ఆటను మార్కెట్లోకి తెచ్చేవాళ్లు చూడటానికి వచ్చారు. కౌశికే కంట్రోలర్ పట్టాడు. కాసేపటికి ఆట ఆగి, 'ముందుకు వెళ్లడానికి ఎంటర్ నొక్కండి' అంది టీవీ. కంట్రోలర్‌కు ఎంటర్ ఎక్కడిది? కంప్యూటర్ కోసం రాసింది మార్చడం మరిచారు. తారకేశ్ ఆడి ఉంటే మొదటి పూటే పట్టేవాడు. కౌశిక్ ఉన్న బటన్లన్నీ నొక్కుతున్నాడు.

"నొక్కండి సార్, రెండు చేతులూ ఉన్నాయిగా!" అన్నాడు వెనక నుంచి తారకేశ్.

ఎవరూ నవ్వలేదు. వకుళ మాత్రం దగ్గు వచ్చినట్టు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

ఇక అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను. ఆ శని, ఆదివారాలు వకుళ ఎవరినీ అడక్కుండా ఆఫీసుకొచ్చి ఆ రెండు రోజుల పని పూర్తిచేసింది. కంట్రోలర్ జారకుండా బల్ల మీద తడిగుడ్డ మడిచి పెట్టింది. సోమవారం మధ్యాహ్నానికల్లా తారకేశ్ పదకొండు తప్పులు పట్టి రాసిచ్చాడు. కౌశిక్ ఆ కాగితం చదివి, అతని కుర్చీని టీవీ ముందుకు జరిపించాడు.

నేను పాత వైర్ల అట్టపెట్టెలోకి చేరాను. నా మంట అందుకు కాదు. ఆట విడుదలైంది. 'ఒంటిచేత్తోనూ ఆడవచ్చు' అని గోడకు పెద్ద పోస్టరు వేశారు. అది కౌశిక్ ఆలోచనట! పత్రికల వాళ్లకు అతనే చెబుతుంటే పెట్టెలోంచి విన్నాను. నాకు నూట నాలుగు మీటలున్నాయి. ఒక్కటీ తనంతట తాను కదలదు. కదిలితే, ఆ పోస్టరు మీద రెండు పేర్లు టైపు కొట్టి ఉండేదాన్ని.