చేతి తీపి

నాగరత్నమ్మ ద్రాక్షపండును రెండు వేళ్ల మధ్య నొక్కి, కారిన బొట్టును సన్నటి పట్టీ అంచుకు తాకించింది. అరచేతిలో ఇమిడే మిషను కాసేపు ఆలోచించి, పండులో చక్కెర ఎంతుందో అంకె చూపించింది. ఆ అంకె పండ్లు కొనే కంపెనీ చెప్పినంత వస్తేనే పెనుకొండ దగ్గరి ఈ తోటలో కోత మొదలవుతుంది. పొద్దున్నుంచీ ఆమెకు అదే పని. పగిలిన మడమలు, నడుముకు బిగించిన కొంగు, రసం ఎండి జిగటబారిన వేళ్లు. వాటిని కొంగుకు తుడుచుకోవడమే కానీ, కడుక్కోవడానికి కుళాయి దాకా ఎవరు నడుస్తారు?

ఇంట్లోనూ ఇలాంటి మిషనే ఉంది. అది పండుకు కాదు, మొగుడికి. ధర్మవరంలో ఒకప్పుడు పట్టుచీరలు నేసిన చౌడప్ప, చక్కెరజబ్బుతో చూపు మందగించాక ఖాళీ మగ్గం దగ్గర కూర్చుని ఊరికే దారాలు తడుముతుంటాడు. సాయంత్రం బస్సు దిగి రాగానే ఆమె అతని వేలికి సూది పొడిచి, నొక్కి, రక్తపుబొట్టు తీసి చూస్తుంది. ఆమె తోట పనిలో చేరినప్పటి నుంచీ అంకె ఎప్పుడూ ఎక్కువే.

"ఆ పండ్లు ఎట్లుంటాయే రత్నా? ఒగటి తేకూడదా?" అంటాడతను.

"నీ నంబరు చూస్తివా? నోరు కట్టుకో" అని కసురుతుంది. కసిరినందుకు తనకూ అన్నం సయించదు. మనిషికి ఒక్క పండు పెట్టుకోలేని బతుకేం బతుకని లోలోపల కుమిలిపోతుంది.

మధ్యాహ్నం కంపెనీ అమ్మాయి ప్రియదర్శిని వచ్చి ఆమె వేళ్లు చూసింది.

"చేతులు కడుక్కుంటా ఉండాలక్కా. ముందు నొక్కిన పండు రసం వేలికి అంటింటే నంబరు ఎక్కువ చూపిస్తాది."

నాగరత్నమ్మ జిగటబారిన తన వేళ్లకేసి చూసుకుంది.

"మా ఇంటాయన వేలు గూడా ఈ చేతుల్తోనే నొక్కుతాండా పాపా" అంది నెమ్మదిగా.

ప్రియదర్శిని ఒక గుత్తి కోసి ఆమె చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం నాగరత్నమ్మ సబ్బుతో చేతులు కడుక్కుంది. అతని చేతులూ కడిగింది. అంకె డాక్టరు చెప్పిన హద్దులోనే ఉంది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"నీ నంబరు కాదు, నా చేతి రసం అది. ఉత్తపున్యానికి నీ నోరు కట్టేస్తిని."

చౌడప్ప పకపకా నవ్వాడు. "ముందే తెలిసింటే ఆ చేతులే నాకుతుంటి గదే!"

ఆమె తెచ్చిన గుత్తిలోంచి రెండు పండ్లు, ఒకదాని తర్వాత ఒకటి, కళ్లు మూసుకుని చప్పరించాడు.

"ఇంగోటి తిను."

"అన్నీ ఈ పొద్దే తింటే ఎట్లే? రేపటికి ఆశ పడేదానికి ఏమన్నా ఉండాల గదా."

తెల్లారి కాఫీకి పిలిస్తే అతను లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. కార్యం ముగించుకుని అందరూ వెళ్లాక నాగరత్నమ్మ సబ్బు తీసుకుని, నొక్కడానికి ఎవరి వేలూ లేకపోయినా, చేతులు శుభ్రంగా కడుక్కుంది.

మగ్గం పక్కన, అతను తన చేతికి అందేలా పెట్టుకున్న గిన్నెలో, రెండు పండ్లు తగ్గిన ద్రాక్షగుత్తి వడలిపోయి ఉంది.