పద్నాలుగో తల

నీళ్ల మీద డీజిలు వాసన.

ఉప్పు వాసన మీద డీజిలు వాసన. దాని మీద ఎవరో ఒంటికి రాసుకున్న నూనె వాసన. ఎండకి వేడెక్కిన సీట్ల వాసన...

ఆమె ముక్కు మూసుకోలేదు. మూసుకున్నా ఆ వాసన లోపల్నుంచి వస్తుందని తెలుసు. తొమ్మిదేళ్లుగా తెలుసు.

పడవ మారింది. అప్పట్లో చెక్కబల్లలు. ఇప్పుడు మెత్తటి సీట్లు, వాటికి తెల్లటి తొడుగులు. నెత్తిన ఎండ తగలకుండా గుడ్డ పందిరి. సీటుకో నీలం తువ్వాలు, సీటుకో చల్లటి నీళ్ల సీసా. ఎక్కేచోట ఒక బోర్డు — మూడు దీవులు, నాలుగున్నర గంటలు, సుఖంగా.

సుఖంగా.

ఈ పడవ మీద గైడుగా ఉన్నప్పుడు ఆ మాట ఆమె కూడా చెప్పేది. రోజూ, పొద్దున తొమ్మిదింటికి, మైకు పట్టుకుని. "సుఖంగా కూర్చోండి. మిమ్మల్ని భోజనం వేళకి ఒడ్డున దింపే పూచీ నాది."

పూచీ నాది.

ఆమె పక్క సీట్లో పెద్దామె కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా, ఒళ్లో చేతిసంచీ పెట్టుకుని. బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుగా సముద్రాన్ని చూస్తోంది.

ఇద్దరూ ఒకరికొకరు ఏమీ కారు.

వారం కిందట ఫోనొచ్చింది. ఆమె ఇప్పుడు ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. వేడిగా వచ్చిన దుప్పట్లు మడతపెడుతుంది. ఎన్ని మడతపెట్టిందో ఇంకెవరో చూసుకుంటారు. ఆ పని అడిగి మరీ తీసుకుంది — లెక్కపెట్టక్కర్లేని పని. ఆ ఆవిరిలో, ఆ రొదలో, ఫోను చెవికి ఆనించుకుంటే అవతల్నుంచి ఒక గొంతు.

"నేను అతని అక్కనమ్మాయ్."

ఎవరి అక్క అని ఆమె అడగలేదు.

"డాక్టరు ఇక దూరాలు వెళ్లొద్దన్నాడు. ఆ మాట అనేదాకా వెళ్లాలని తోచలేదు చూడు... ఆ పడవ ఇప్పటికీ తిరుగుతోందట కదా. ఒక్క పూట. నాతో రా. నువ్వే రావాలి."

ఎందుకని కూడా అడగలేదు. సరే పెద్దమ్మా అంది. అంత సులువుగా నోట్లోంచి వచ్చిన మాట తొమ్మిదేళ్లలో అదొక్కటే.

పడవ కదిలింది.

సరంగు మారలేదు. జుట్టు తెల్లబడింది, పొట్ట వచ్చింది, అంతే. చక్రం దగ్గర నిలబడి వెనక్కి తిరిగినవాడు ఆమెని చూశాడు. చూసి, చూపు తిప్పుకుని, మళ్లీ చూశాడు.

"లెక్కలమ్మా?"

ఆ పేరు పెట్టింది అతనే. ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి, మధ్యలో అనుమానం వచ్చి ఇంకోసారి లెక్కపెట్టేదని. అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా.

ఇవాళ ఎవరూ నవ్వలేదు. అతను ముందుకి తిరిగి చక్రం పట్టుకున్నాడు. పట్టుకోవాల్సినదానికంటే గట్టిగా.

నీళ్లు మొదట ఆకుపచ్చ. తర్వాత నీలం. తర్వాత ఏ రంగూ చెప్పలేని లోతు...

మొదటి దీవిలో తెల్లటి ఇసక. ఇసక మీద గొడుగులు. గైడు, ముప్పయ్యేళ్లావిడ, మెడలో ఈల, ప్రతి మాటకీ చిరునవ్వు, పళ్లెంలో అనాసముక్కలు తెచ్చింది. పెద్దామె ఒక ముక్క తీసుకుని నమిలింది.

"తియ్యగా ఉంది," అంది. ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టుగా.

కాసేపయ్యాక తనే మాట్లాడింది. ఇసక వైపు చూస్తూ.

"మావాడికి ఈత సరిగ్గా రాదు. వచ్చినట్టు నటించేవాడు. చెరువులో నడుములోతున నిలబడి చేతులాడించేవాడు, చూడక్కా ఈదుతున్నా అని. కింద కాళ్లు నడుస్తూనే ఉండేవి. నాకు కనబడేవి. కనబడలేదన్నట్టు నేనూ చప్పట్లు కొట్టేదాన్ని."

గాలి వీచింది. గొడుగు కుచ్చులు ఊగాయి.

"నేనప్పుడే చెప్పాల్సింది."

ఆమె గుప్పెడు ఇసక తీసుకుని వదిలేసింది. అనడానికి ఏదైనా ఉంటే తొమ్మిదేళ్ల కిందటే ఉండాలి.

ఆ రోజు పద్నాలుగు మంది.

ఈ సంగతి ఆమె విచారణలో చెప్పింది. కాగితం మీద సంతకం పెట్టి చెప్పింది. రెండో దీవి దగ్గర, ఒడ్డుకి వెళ్లకుండా, పగడపు దిబ్బ మీద లంగరు వేశారు. పద్నాలుగు మందీ నీళ్లలోకి దిగారు. గంట తర్వాత ఈల వేసింది. ఒక్కొక్కరే ఎక్కారు. వణుకుతూ, నవ్వుతూ, తువ్వాళ్లు తలమీదుగా కప్పుకుని బల్లల మీద కూర్చున్నారు. వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. పద్నాలుగు తలలు.

సరిపోయింది.

ఒక తువ్వాలు కింద ఉన్నది ఇంజను మెకానిక్కు. పడవ కింది పంకాకి ఏదో చుట్టుకుంటే దిగి, తీసేసి, తడిసి, చలేసి, మూలన కూర్చున్నాడు. తల మీద తువ్వాలు. అందరిలాగే.

పద్నాలుగో తల.

నీళ్లలో ఉండిపోయిన మనిషి ఒంటరిగా వచ్చాడు. తాళాలు బాగుచేసే మనిషి. పక్కసీటువాళ్లకి తెలిసినవాడు కాదు. ఆయనేడీ అని అడగడానికి ఎవరూ లేరు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి పడవ ఒడ్డు చేరింది. అందరూ దిగారు, చేతులూపారు. సాయంత్రం ఆరింటికి పడవ కడుగుతుంటే బల్ల కింద ఒక జత చెప్పులు కనిపించాయి. చెప్పుల పక్కన మడతపెట్టిన చొక్కా.

పడవలు వెళ్లాయి. వెతికాయి. మర్నాడు వెతికాయి. ఆ మర్నాడూ...

సముద్రం ఏమీ ఇవ్వలేదు.

యజమాని భుజం తట్టాడు. "నీ తప్పు కాదమ్మా, ఎవరైనా అలాగే లెక్కపెట్టేవాళ్లు." విచారణలో కూడా కాస్త అటూ ఇటూగా అదే రాశారు. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిట్టు పక్కన నిలబడవచ్చు. ఓదారిస్తే ఎక్కడ నిలబడాలో ఆమెకి తెలియలేదు.

అప్పట్నుంచి ఆమె వద్దన్నా కళ్లు లెక్కపెడతాయి. బస్టాపులో మనుషుల్ని. లిఫ్టులో మనుషుల్ని. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకరు ఎక్కువ. ఆ ఎక్కువైన మనిషి నెత్తిన తువ్వాలు. తువ్వాలు కింద...

ఏమీ ఉండదు.

రెండో దీవి.

లంగరు గొలుసు గడగడమని దిగింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. కింద పగడాలు, వాటి మధ్య పసుపు చేపలు, వాటి నీడలు. ఇంత అందమైనచోటు ఒక మనిషిని దాచుకుంటుందంటే ఎవరూ నమ్మరు.

"ఈతకి దిగేవాళ్లు మాత్రమే ఈ నిచ్చెన దగ్గరికి రండి," అంది గైడు. పదకొండు మంది వెళ్లారు. గైడు పలక మీద రాసుకుంది. ఈవిడ జాగ్రత్తగల మనిషే. పేర్లు కూడా రాస్తోంది. ఇప్పుడు రాస్తున్నారు.

పెద్దామె దిగనని తలూపింది. గైడు నవ్వి వెళ్లిపోయింది.

పడవ నిశ్శబ్దమైంది. నీళ్లు చెక్కని తడుతున్న చప్పుడు...

"ఇక్కడేనా?"

"ఇక్కడే పెద్దమ్మా."

"ఆ రోజు వాడు ఎక్కడ కూర్చున్నాడు?"

ఆమె ఎడమవైపు చూపించింది. చెప్పులు దొరికిన చోటు. అంతవరకు నిజమే.

"నవ్వుతూ ఉన్నాడా? నీతో ఏమైనా మాట్లాడాడా? కొత్తవాళ్లతో బాగా మాట్లాడతాడు. ఇంట్లోనే నోరు విప్పడు."

ఇదీ, ఆమె తొమ్మిదేళ్లుగా భయపడిన ప్రశ్న. జవాబు సిద్ధంగానే ఉంది. బస్సులో వస్తూ సిద్ధం చేసుకుంది. నవ్వుతూనే ఉన్నారు పెద్దమ్మా. నీళ్లు ఎంత బాగున్నాయో అన్నారు. చాలా సంతోషంగా ఉన్నారు. ఎవరికీ నష్టంలేని మూడు మాటలు. ముసలిమనిషి వాటిని తీసుకుని ఇంటికి వెళ్లిపోతుంది.

నోరు తెరిచింది.

పెద్దామె ఆమె మొహంలోకే చూస్తోంది. చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్న మనిషిలా.

"నాకు గుర్తులేదు," అంది ఆమె.



"నవ్వారో లేదో తెలియదు. మాట్లాడారో లేదో తెలియదు. అసలు... అసలు ఆయన మొహమే నాకు తెలియదు పెద్దమ్మా. పేపర్లో ఫొటో వేస్తే చూడలేకపోయాను. ఆ రోజు నేను ఎవరి మొహమూ చూడలేదు. తలలు లెక్కపెట్టాను. అంతే."

చేప ఒకటి నీటి పైకి వచ్చి మునిగింది. చిన్న వలయం. పెద్ద వలయం. తర్వాత ఏమీ లేదు.

పెద్దామె చేతిసంచీ మూత తెరిచింది. మళ్లీ వేసింది.

"కాసేపు నన్ను వదిలెయ్ అమ్మాయ్."

ఆమె లేచి పడవ ముందుకొసకి వెళ్లి కూర్చుంది. వెనక్కి చూడలేదు. చూసే హక్కు లేదనిపించింది.

ఎండ. నీళ్లు. దూరంగా ఈతగాళ్ల కేకలు, నవ్వులు...

ఈల మోగింది. ఒక్కొక్కరే ఎక్కారు. గైడు ఒక్కొక్కరి మొహమూ చూసి పేరు పిలిచి పలక మీద గీత పెట్టింది. దిగింది పదకొండు. ఎక్కింది పదకొండు.

"అందరూ వచ్చేశారు. పోనివ్వండి!"

లంగరు లేచింది. ఇంజను దగ్గింది, అందుకుంది. పడవ అడుగున సన్నటి వణుకు.

అప్పుడు తిరిగి చూసింది ఆమె.

సీటు. సీటు మీద చేతిసంచీ. సీటు కింద చెప్పులు, జతగా.

మనిషి లేదు.

"ఆపండి!"

తన గొంతని ఆమెకే తెలియలేదు. గైడు పలక ఎత్తి చూపిస్తోంది — "లెక్క సరిపోయిందండీ, పదకొండుకి పదకొండు" — కానీ సరంగు ఆ మాట వినలేదు. అతను ఒక్కమాటా అడగలేదు. చెయ్యి ఎప్పుడు కదిలిందో, ఇంజను చచ్చిపోయింది. పడవ తన ఊపుతో తానే కొంచెం జారి ఆగింది.

ఆమె సీట్ల మధ్య పరిగెత్తింది. అవతలివైపు చిన్న ఇనప నిచ్చెన ఉంది, సామాన్లు ఎక్కించేది. దాని దగ్గర వంగి చూసింది.

పెద్దామె అక్కడుంది.

మెడలోతు నీళ్లలో. బట్టలతోనే. రెండు చేతులూ నిచ్చెన మెట్టుని పట్టుకుని. తెల్లజుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. కళ్లు తెరిచే ఉన్నాయి. పైకే చూస్తున్నాయి.

సరంగు ఒక చెయ్యి, ఆమె ఒక చెయ్యి పట్టుకుని లాగారు. నీళ్లు ధారలుగా కారాయి. గైడు ఏడుపు మొహంతో తువ్వాళ్లు మోసుకొచ్చింది. "దిగనన్నారు కదండీ, నాతో దిగనన్నారు కదండీ..."

"నీ తప్పేం లేదమ్మా," అంది పెద్దామె, చలికి పళ్లు టకటక కొట్టుకుంటుంటే. తర్వాత ఈమె వైపు తిరిగింది. కోపం లేదు ఆ గొంతులో. వేరే ఇంకేదో ఉంది, కోపం కంటే పాతది.

"ఎంతసేపటికి చూస్తారో చూద్దామని."

పెద్దామె తువ్వాలుతో మొహం తుడుచుకుంది.

"ఎంతసేపయింది?"

"ఇంజను పెట్టాక... నిమిషం కూడా కాలేదు పెద్దమ్మా."

"వాడికి?"

పడవ అటూ ఇటూ ఊగింది. సరంగు తల వంచుకున్నాడు.

ఆమె చెప్పింది. చెప్పకుండా ఉండే దారి తొమ్మిదేళ్లలో ఎక్కడా దొరకలేదు.

"ఆ సాయంత్రం ఆరింటికి. ఆరు గంటలు."

పెద్దామె తలూపింది. నెమ్మదిగా, చాలాసార్లు. ఎవరో చెప్పిన ఇంటిగుర్తులు మనసులో పెట్టుకుంటున్నట్టుగా.

మూడో దీవిలో ఇద్దరూ దిగలేదు. మిగతావాళ్లు గవ్వలేరుకోడానికి వెళ్లారు. కొబ్బరిచెట్ల నీడ నీళ్ల మీద నిలవలేక విరిగిపోతోంది, అతుక్కుంటోంది, విరిగిపోతోంది. సరంగు ఎక్కణ్ణుంచో వేడి టీ తెచ్చి రెండు గ్లాసులు వాళ్ల మధ్య పెట్టి వెళ్లిపోయాడు.

పెద్దామె టీ తాగింది. భుజాల మీద నాలుగు తువ్వాళ్లు. తల మీద మాత్రం ఒక్కటి కూడా కప్పుకోలేదు.

"నుదురు మా నాన్నది," అంది ఉన్నట్టుండి. "వెడల్పు. ఎండలో నిలబడితే మెరిసేది."

ఆమె అర్థంకానట్టు చూసింది.

"ఎడమ కనుబొమలో చిన్న సందు. మూడేళ్లప్పుడు నేనే ఎత్తుకుని పడేశాను. గడప తగిలింది. అక్కడ మళ్లీ వెంట్రుకలు రాలేదు. అమ్మకి పిల్లి గీరిందని చెప్పాం. వాడు కూడా అదే చెప్పాడు, నాకోసం. మూడేళ్లవాడు."

"పెద్దమ్మా..."

"విను. ముందుపళ్లు రెండూ ఒకదాని మీదొకటి. అందుకే నవ్వితే పెదవి అడ్డం పెట్టేవాడు. కుడి చెవి కొంచెం బయటికి. తాళం చెవి పెట్టి తిప్పుతూ ఆ కుడి చెవినే దగ్గరగా వంచేవాడు, లోపలి చప్పుడు వినాలని. అప్పుడు నోరు కొద్దిగా తెరుచుకునేది. ఎవరు మాట్లాడినా అలాగే వినేవాడు, నోరు కొద్దిగా తెరిచి. పిచ్చిమొహం వేసుకుని వినకురా అనేదాన్ని..."

చెబుతూనే ఉంది. తిరుగు ప్రయాణమంతా చెప్పింది. గడ్డం ఎక్కడ నెరిసిందో. అబద్ధమాడితే ఏ కన్ను చిన్నదయ్యేదో. గొంతు తగ్గించలేదు, ఏడవలేదు. ఒకదాని తర్వాత ఒకటి, ఒకదాని తర్వాత ఒకటి, ఈమె చేతుల్లో పెట్టింది. బహుమతో శిక్షో చెప్పలేదు. బహుశా తనకీ తెలియదు.

ఒడ్డున రిక్షా ఎక్కుతూ ఒక్కసారి ఆగింది.

"ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే మోశాను ఆ మొహాన్ని," అంది. "నా తర్వాత ఎవరికీ గుర్తుండదని భయమేసేది."

రిక్షా మలుపు తిరిగింది.

సోమవారం ఆమె పనికి వెళ్లింది. ఆవిరి. రొద. వేడి దుప్పటి రెండు కొసలూ పట్టుకుని దులిపింది.

దుప్పటి గాల్లోకి లేచి, మెల్లగా దిగింది. దాని అవతల అతను నిలబడి ఉన్నాడు.

తల మీద తువ్వాలు లేదు. వెడల్పాటి నుదురు. ఎడమ కనుబొమలో సందు. చెవి ఆమె వైపు కొద్దిగా వంచి, నోరు కొద్దిగా తెరిచి...

వింటున్నాడు.

ఆమె ఏదో ఒకటి చెప్పాలి.