వంతెన కింది రాతి అలలు

వంతెన కింద కొత్తగా వెలసిన రాతి అలలను చూడటానికి ఆ సాయంత్రం ఊరు ఊరంతా కదిలివచ్చింది. పిల్లలు అలల మీదికెక్కి జారుతున్నారు. కొత్త జంటలు ఫోటోలు దిగుతున్నాయి. ఇన్నాళ్లూ సమాధిరాళ్లు చెక్కి పొట్టపోసుకున్న శిల్పికి పేరు తెచ్చిన మొదటి పని ఇది. ఆమె ఓ పక్కగా నిలబడి కళ్లనిండా చూసుకుంటోంది.

"ఎంత శుభ్రమైపోయిందో చూశావా?" పక్కనున్న పెద్దమనిషి భార్యతో అంటున్నాడు. "ఇదివరకు ముక్కు మూసుకుని నడిచేవాళ్లం. ఇక్కడ పడి ఉండేవాళ్లలో ఒక్కడైనా కనిపిస్తున్నాడా ఇప్పుడు?"

ఆ మాట శిల్పికి ముల్లులా గుచ్చుకుంది. నమూనా చూపించిన రోజున మున్సిపాలిటీ ఇంజనీరు ఒక్కదానికే పట్టుబట్టాడు. "అల మీద అల రావాలమ్మా. ఎక్కడా చదును ఉండకూడదు. నీళ్లు నిలుస్తాయి." వంతెన కిందికి వాననీళ్లెలా వస్తాయి? ఆ ప్రశ్న అప్పుడే ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. పని చేజారిపోతుందేమోనని మింగేసింది.

పక్కనే టీ అమ్ముకునే ఆమెను అడిగింది. "ఇక్కడ ఉండేవాళ్లంతా ఏమయ్యారు?"

"మీ రాళ్లు దింపే ముందే తరిమేశారమ్మా. తలో దిక్కూ పోయారు. బొమ్మలాయన ఒక్కడే ఎదురుగా ఫుట్‌పాత్ మీద, వానలో తడుస్తూ, మీ పని చూస్తూ కూర్చునేవాడు. బొగ్గుముక్క దొరికితే చాలు, ఎడంచేత్తో మా అందరి మొహాలూ ఈ స్తంభాల మీద గీసేవాడు. వాటికీ సున్నం కొట్టేశారు."

చిన్నప్పుడు శిల్పికి బొగ్గుముక్క పట్టుకోవడం నేర్పింది అన్నయ్య, ఎడంచేత్తోనే. మిల్లు మూతపడి, వదిన పోయాక, మతి చెదిరి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. ఆమె వెతకని చోటు లేదు. ప్లాస్టిక్ పట్టా కప్పుకున్న గడ్డపాయన ఎదురుగా రోజూ కూర్చోవడం ఆమె చూసింది. మొహంలోకి మాత్రం ఒక్కనాడూ చూడలేదు.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"జ్వరంతో పడిపోతే పెద్దాసుపత్రికి మోసుకెళ్లారమ్మా."

వార్డు చివర నేలమీద పరిచిన పరుపు మీద ఉన్నాడు అన్నయ్య, ఎముకల గూడులా.

"నన్నెందుకు పిలవలేదన్నయ్యా? రోజూ నీ ఎదురుగానే ఉన్నాను కదా!"

"పిలుద్దామనే అనుకున్నానే. ఈ అవతారంతో నీ పక్కకొస్తే నీకు తలవంపులని..." దగ్గు తెరలో మాట మునిగిపోయింది. కాసేపటికి తేరుకున్నాడు. "అలలు బాగా వచ్చాయి. చెయ్యి తిరిగింది నీకు. కానీ నడుం వాల్చడానికి జానెడు చోటైనా ఉంచలేదేంటమ్మా?"

కోపంగా అనలేదతను. నిజంగానే అడిగాడు. మర్నాడు అన్నయ్య పోయాడు.

అంత్యక్రియలు కాగానే ఆమె ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. "ఆ అలలు తీసేయించండి. నా చేత్తో నేనే పగలగొడతాను."

"అవిప్పుడు మీవి కావమ్మా, ఊరివి. చెయ్యి వేస్తే కేసవుతుంది."

"ఊరివైతే, ఊళ్లో గూడులేనివాళ్లు ఎక్కడ పడుకోవాలి?"

"అది మా శాఖ చూసే పని కాదు."

అక్కణ్ణుంచి ఆమె నేరుగా వంతెన కిందికి వచ్చింది. జనం ఇంకా ఫోటోలు దిగుతూనే ఉన్నారు. ఒక అల మీద పడుకోబోయింది. తాను నున్నగా తీర్చిన అంచే పక్కటెముకల్లో దిగబడింది. ఎటు ఒత్తిగిలినా జారిపోతోంది. ఏడుస్తూ మళ్లీ మళ్లీ పడుకోబోతున్న ఆమెను చూసి ఒక తల్లి తన బిడ్డను వెనక్కి లాక్కుంది. "అటు వెళ్లకు, ఆవిడెవరో పిచ్చిదిలా ఉంది."

పాఠకులారా, ఆ అలలు ఈనాటికీ అక్కడే ఉన్నాయి. మీ వీధిలో కొత్తగా ఏ అందమైన శిల్పం వెలసినా మెచ్చుకోండి, తప్పులేదు. కానీ నిన్నటిదాకా అక్కడ ఎవరుండేవారో, ఇప్పుడెక్కడున్నారో కూడా అడగండి. సాటి మనిషిని తరిమేసి తెచ్చిపెట్టుకున్న అందం ఊరికి అలంకారం కాదు, అవమానం.