అభినందన చీటీ

మా నిఘంటువు ఆఫీసులో మాటకో చీటీ. దాని మీద మూడు గళ్లు: అర్థం, పుట్టుక, వాడుక. మొదటి రెండూ పుస్తకాలు తిరగేసి నింపొచ్చు. మూడో గడిలో మాత్రం ఎవరైనా అంటుంటే చెవులారా విన్న వాక్యమే రాయాలి. సొంతంగా అల్లితే కుదరదు. వినకపోతే 'వినలేదు' అని ఒప్పుకోవాలి. పాతికేళ్లలో నేనలా ఒక్కసారీ రాయలేదు. ముక్కు మీద కోపం నాకు, ఒప్పుకోవడమంటే ప్రాణసంకటం.

తమ్ముణ్ణి ఈ పనిలో చేర్పించింది నేనే. ఎదురెదురు బల్లలు మావి. కిందటేడు సంపాదకుడి కుర్చీ ఖాళీ అయితే, ఇంకేముంది నాదేనని ఇంట్లో గొప్పలు కూడా పోయాను. వాడికిచ్చారు. కడుపు మండిపోయింది. అందరూ వాడి చుట్టూ చేరి అభినందనలు చెబుతుంటే, నేను బాగానే ఉన్న కిటికీ గడియతో కుస్తీ పడుతూ నిలబడ్డాను.

"ఏంటన్నయ్యా, నువ్వేం అనవా?" అన్నాడు నవ్వుతూ.

"అందరూ కలిసి ఇచ్చిన కార్డు మీద సంతకం పెట్టాగా! ఇంకేం కావాలి?"

వాడి నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత మా మధ్య పని మాటలే. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపేశాను. పోయిన నెల ఆఫీసు మెట్లెక్కుతూ వాడు గుండె పట్టుకుని కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

ఇవాళ కొత్త సంపాదకురాలు ఒక చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "మీ తమ్ముడుగారి సొరుగులో ఇదొక్కటే మిగిలిందండీ. మీరు పూర్తి చేసిస్తారా?"

మాట: అభినందన. అర్థం: ఒకరి మేలుకు మన సంతోషం తెలపడం. పుట్టుక: సంస్కృతం. 'అభి' అంటే వైపుగా, ఎదురుగా. 'నంద' అంటే ఆనందించడం. అన్నీ వాడి గుండ్రటి అక్షరాలే. మా బల్లల మధ్య దూరం నాలుగడుగులు. వాడికెదురుగా వెళ్లి నిలబడడానికి ఆ నాలుగడుగులు వెయ్యలేకపోయాను.

వాడుక గడి ఖాళీగా ఉంది. ఆ రోజు పదిమంది అన్నారు, ఏదో ఒకటి రాసుకోవచ్చు. వాడు రాసుకోలేదు. అంచున పెన్సిలుతో చిన్నగా ఉంది: "అన్నయ్య అంటాడు. అప్పుడు రాస్తా."

సిగ్గేసింది. కలం తీసి ఆ గడిలో 'వినలేదు' అని రాసిచ్చాను.

సంపాదకురాలు కళ్లజోడు సర్దుకున్నారు. "అదేంటండీ, ఇంత మామూలు మాట వినకపోవడమేంటి?"

"మా తమ్ముడు వినలేదండీ," అన్నాను.