వీపు కొలత

"నా కుర్చీలో కూర్చుందే, ఆ ముసలావిడ ఎవరండీ?" అని అడిగింది బొంగరం.

ఫోన్లు రిపేరు చేసే షాపు అది. ఎవరో కస్టమరు తన ఫోను వెనక అద్దాన్ని మీరే పగలగొట్టారని నానా గొడవ చేసి వెళ్ళాడు. నిజమేమిటో తేల్చుకుందామని ఓనరూ, ఆమే కలిసి ముందు రోజు కెమెరా రికార్డింగు చూస్తున్నారు. తెర మీద బెంచి, బెంచి మీద మైక్రోస్కోపు, దాని మీదకి వాలిపోయిన ఒక వీపు. తల భుజాల మధ్యకి దిగబడి మెడ ఉందో లేదో తెలియడం లేదు.

"ముసలావిడేంటమ్మా? అది నువ్వే కదా!" అన్నాడు ఓనరు.

ఫోను షాపుకి వచ్చేటప్పటికే అద్దం పగిలి ఉందని రికార్డింగులో తేలింది. ఆ సంగతి ఆమె చెవికెక్కలేదు. ఆమెకి ఇరవై నాలుగేళ్ళు.

బొంగరం అన్నది తల్లి పెట్టిన ముద్దుపేరు. నిలబడే తింటుంది, పళ్ళు తోముకుంటూ ఇల్లంతా తిరుగుతుంది, ఫోనులో మాట్లాడుతూ మెట్లు ఎక్కి దిగుతుంది. అలాంటి మనిషి బెంచి ముందు కూర్చుంటే మాత్రం రాయి. ఆవగింజంత ముక్కలకి టంకం పెడుతూ నాలుగైదు గంటలు తలెత్తదు. పొద్దుగూకేసరికి మెడ లాగేది, భుజాల మధ్య మంటగా ఉండేది. పని చేస్తే నొప్పులుండవా అనుకునేది.

ఆ సాయంత్రం దారిలో ప్రతి షాపు అద్దంలోనూ పక్కనుంచి తనని తాను చూసుకుంటూ నడిచింది. ఎదురుగా వస్తున్న ఒకాయన్ని గుద్దేసింది కూడా. మర్నాడు భుజాలని వెనక్కి లాగి పట్టే పట్టీ ఒకటి కొని, చొక్కా కింద బిగించింది. మూడో రోజుకి చంకల్లో ఒరుసుకుపోయి వేళ్ళు తిమ్మిరెక్కాయి. చేతిలోని టంకం కడ్డీ జారి బెంచి మీది రబ్బరు చాపకి చిల్లు పెట్టింది. పట్టీ తీసి చెత్తబుట్టలో పారేసి, ఆ పూటకి సెలవడిగి నేరుగా ఫిజియోథెరపీ క్లినిక్కుకి వెళ్ళింది.

అక్కడి ఫిజియో నలభై దాటిన మనిషి. తొందరన్నది తెలియనట్టు మాట్లాడుతుంది. గోడకి వీపు ఆనించి నిలబడమంది. నిలబడితే తల గోడకి అందలేదు, మధ్యలో నాలుగు వేళ్ళ సందు మిగిలింది. తరవాత బల్ల మీద బోర్లా పడుకుని, చేతులు పక్కన పెట్టి ఛాతీ పైకెత్తమంది. ఎత్తుతుంటే వెన్ను మీద ఒక్కో పూసనీ వేలితో నొక్కుకుంటూ వచ్చింది.

"వంపు చాలావరకు సర్దుకుంటోంది. ఎముకలో వచ్చిన వంపయితే ఇలా కదలదు. ఇది అలవాటుది. ముందు పక్క కండరాలు బిగుసుకుపోయాయి, వీపు కండరాలు పని మర్చిపోయాయి."

"ఎన్ని రోజుల్లో తగ్గుతుంది మేడమ్?"

"పన్నెండు వారాలు చెయ్యి, అప్పుడు చూద్దాం."

"వారాలా!"

"మరి ఎన్నేళ్ళు వంచావు?"

నాలుగే నాలుగు వ్యాయామాలు చెప్పింది. తువ్వాలు చుట్టగా చుట్టి వీపు కింద అడ్డంగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవడం. గోడకి ఆనుకుని చేతులు పైకీ కిందికీ జరపడం. గుమ్మంలో మోచేతులు ఆనించి ఛాతీ సాగదీయడం. బోర్లా పడుకుని చేతులు లేపడం. లేచి చొక్కా సర్దుకుంటుంటే ఫిజియో ఆ చొక్కా వైపే చూసింది.

"ఇది ఎవరు కుట్టారు?"

"మా అమ్మ. టైలరు."

"మంచి చెయ్యి. ఇంత వంపున్న వీపు మీద ఒక్క ముడత లేదు. వెనక పక్క కావాలనే గుడ్డ పెంచి కుట్టారు. నీ వీపు సంగతి ఆవిడకి ఎప్పటినుంచో తెలిసుండాలే!"

ఆ మాటతో బొంగరం ఇంటికి నడిచి రాలేదు, పరిగెత్తుకొచ్చింది. ముందుగదే తల్లి కుట్టు గది. తల్లి మిషను మీద ఎవరిదో కాలరు తిప్పుతోంది. బొంగరం పలకరించకుండానే సొరుగు లాగి కొలతల పుస్తకం తీసింది. తన పేజీ దొరికింది. పధ్నాలుగేళ్ళప్పటి నుంచీ వరసగా ఉన్నాయి కొలతలు. ముందు పొడవు పదిహేడేళ్ళ దగ్గర ఆగిపోయింది. వెనక పొడవు మాత్రం ఆగలేదు. పావంగుళం, మళ్ళీ పావంగుళం, ఆపైన అర.

"ఇదేంటమ్మా?"

తల్లి మిషను ఆపింది. "కొలతలు."

"నా వీపు వంగిపోతోందని నీకు తెలుసు. తెలిసి, కనబడకుండా కుట్టావు. నాకొక్క మాట చెప్పొచ్చు కదా!"

"చెప్పలేదా?" తల్లి గొంతు పెరిగింది. "నిటారుగా కూర్చోవే అని పొద్దుటికి పదిసార్లు, సాయంత్రానికి పదిసార్లు చెప్పాను. నువ్వప్పుడు తొమ్మిదో క్లాసు. ఏం చేశావో గుర్తుందా? కంచం పట్టుకుని నీ గదిలోకి పోయి తలుపేసుకున్నావు. నెల రోజులు నా ముందు కూర్చుని తినలేదు. ఆ తరవాత నేను నోరు మూసుకున్నాను. నా చేతిలో ఉన్నది కత్తెర. దాంతో చెయ్యగలిగింది చేశాను."

అప్పటి తలుపు ఆమెకి గుర్తుంది. ఎందుకు వేసుకుందో మాత్రం మర్చిపోయింది. అయినా కోపం తగ్గలేదు. మర్నాడు రెడీమేడ్ చొక్కా కొని వేసుకుంది. వెనక అంచు పైకి లేచిపోయి, మెడ దగ్గర కాలరు డొప్పలా నిలబడింది. అలాగే షాపుకి వెళ్ళింది. తల్లి చూసి, మళ్ళీ మిషను మీదకి వంగింది.

నాలుగు వ్యాయామాలూ రోజుకి రెండుసార్లు చెయ్యమంటే ఆమె ఏడెనిమిదిసార్లు చేసింది. షాపు స్టోర్‌రూములో, బస్సు కోసం నిలబడ్డ చోట గోడకి, కూర వేగుతుంటే వంటింటి గుమ్మంలో. ఒక ముద్ద తినేది, లేచి గోడకి ఆనుకుని నాలుగు వేళ్ళు మూడయ్యాయేమో చూసుకునేది. ఆరో రోజు ఉదయం తువ్వాలు చుట్ట మీంచి లేవబోతే రెండు భుజాల మధ్య ఏదో పట్టేసింది. ఊపిరి గట్టిగా పీలిస్తే పొడుస్తోంది. నేల మీద పక్కకి తిరిగి, అరవడానికి నామోషీ అనిపించి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. చివరికి "అమ్మా" అంది.

తల్లి వచ్చింది. అయిదారు రోజులుగా వాళ్ళిద్దరి మధ్య మాటల్లేవు. తల్లి చంకల కింద చేతులు వేసి మెల్లగా లేపి మంచం మీద పడుకోబెట్టింది. వేడినీళ్ళ సంచి తెచ్చి, ఎక్కడా అని అడక్కుండానే, పట్టేసిన చోటే పెట్టింది.

"నీకెలా తెలుసు అక్కడని?"

"ఆ వీపుని పదేళ్ళుగా కొలుస్తున్నాను. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

సాయంత్రం ఇద్దరూ క్లినిక్కుకి వెళ్ళారు. ఫిజియో అంతా నొక్కి చూసి, కండరం పట్టిందంతే, భయం లేదంది. తరవాత చేతులు కట్టుకుని నిలబడింది.

"మందు సీసా ఇస్తే మొత్తం ఒక్క గుక్కలో తాగేస్తావా అమ్మాయ్?"

"దానికి కుదురు లేదండీ," అంది తల్లి. "పుట్టినప్పటి నుంచీ అంతే."

"కుదురు లేకపోవడం మంచిదే. బెంచి ముందు కుదురుగా కూర్చోవడమే తంటా." ఫిజియో బొంగరం వైపు తిరిగింది. "ఇంట్లో బొంగరంలా తిరుగుతావట కదా, షాపులోనూ తిరుగు. అరగంటకోసారి లే. నడు. నిలబడి పని చెయ్యి. నిటారుగా కూర్చున్నా సరే, కదలకుండా కూర్చుంటే లాభం లేదు. మైక్రోస్కోపు నీ కళ్ళ దగ్గరికి రావాలి, నువ్వు దాని దగ్గరికి పోకూడదు. వ్యాయామం మాత్రం రోజుకి రెండుసార్లే. మూడోసారి చేస్తే నా దగ్గరికి రావద్దు."

చిన్నప్పటి నుంచీ ఆమెని అందరూ కదలకుండా కూర్చోమన్నవాళ్ళే. కదలమని చెప్పిన మనిషి ఈవిడే. నవ్వొచ్చింది, నవ్వితే వీపులో కలుక్కుమంది.

ఓనరు మొదట గొణిగాడు. "అరగంటకోసారి లేస్తే పనెప్పుడవుతుంది?" అయినా ఒక చెక్కపెట్టె వెతికి తెచ్చి మైక్రోస్కోపు కింద తనే పెట్టాడు. వారం తిరిగేసరికి, లేచి తిరిగేటప్పుడు కౌంటరు దగ్గర కస్టమర్లతో కూడా ఆమే మాట్లాడటం మొదలెట్టింది. దాంతో గొణుగుడు ఆగింది.

అన్నిటికంటే కష్టమైంది తక్కువ చెయ్యడం. రెండుసార్లు చేసి ఆపేస్తే చేతులు ఊరుకునేవి కావు. మూడో వారం, నాలుగో వారం గోడకీ తలకీ మధ్య సందు మారనే లేదు. పళ్ళు నూరుకుంది. ఇదంతా దండగ అని రెండు రోజులు మానేసింది. మూడో రోజు పొద్దున లేచేసరికి తల్లి తువ్వాలు చుట్టగా చుట్టి నేల మీద పెట్టి, పక్కనే కాలరు కుడుతూ కూర్చుని ఉంది. నిటారుగా కూర్చో అనలేదు. చెయ్యి అని కూడా అనలేదు. బొంగరం వెళ్ళి పడుకుంది.

పన్నెండో వారం చివర నాలుగు వేళ్ళ సందు ఒకటిన్నర వేలికి తగ్గింది. భుజాల మంట పోయింది.

"ఈ మిగిలింది?" అంది బొంగరం.

"ఇంకొంత తగ్గొచ్చు. కొంత ఉండిపోనూ వచ్చు. గీత గీసినట్టు ఎవరి వీపూ ఉండదు."

ఆ జవాబు ఆమెకి నచ్చలేదు. బయటికొచ్చి వీధి చివరిదాకా విసవిసా నడిచింది. మలుపులో ఈతకొలను ఉంది. రోజూ దాటిపోయే చోటే. ఆ రోజు లోపలికెళ్ళి, పెద్దవాళ్ళకీ నేర్పిస్తారా అని అడిగి పేరు రాయించుకుంది.

మరుసటి ఆదివారం ఉదయం, మెడదాకా నీళ్ళలో నిలబడి ఉంటే, ఈత నేర్పే ఆవిడ చెయ్యి ఆమె వీపు కింద పెట్టి వెనక్కి వాలమంది.

"ఛాతీ పైకి. కాళ్ళు వదిలెయ్. కదలకు."

కదిలింది. మునిగింది. ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గుతూ లేచింది. గట్టు మీద కూర్చున్న తల్లి గాభరాగా లేచి నిలబడింది.

"ఇంకోసారి," అంది బొంగరం, ఆవిడ చెప్పకముందే వెనక్కి వాలిపోతూ.