ఇరవయ్యో రోజు

కత్తెరనూ చిమటానూ మరుగుతున్న నీళ్ళలోంచి తీసి, కాంపౌండరు నూరుల్లా వాటిని తెల్లగుడ్డ మీద ఆరబెట్టాడు. గోళ్ళకు పట్టిన అయోడిన్ మరక ఇరవై ఆరేళ్ళుగా వదల్లేదు, ఇక వదలదు కూడా. దావతుల్లో పక్కన కూర్చున్నవాళ్ళు ఆ వేళ్ళను చూసి పళ్ళెం కాస్త అవతలికి జరుపుకునేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు. మనిషి పొట్టి, మాట పొదుపు, మొండితనం మాత్రం బారెడు.

బోధన్‌కు నాలుగు మైళ్ళ అవతల, నిజాంసాగర్ కాలువ పక్కన ఉన్న చిన్న దవాఖానా అది. డాక్టరు వారానికి మూడు రోజులే వస్తాడు. దెబ్బలకు వారాలూ వర్జ్యాలూ ఉండవు కదా. వాటిని కడిగేదీ, కట్టేదీ, ఇత్తడి కొలబద్దతో కొలిచి పుస్తకంలో రాసేదీ నూరుల్లాయే. తగాదాల్లో తగిలిన గాయమైతే ఆ రాత కోర్టుకు పోతుంది. సాక్షిగా బోను ఎక్కీ ఎక్కీ, వకీళ్ళు అరిచి చెప్పే చట్టమంతా ఆయనకు నోటికి వచ్చేసింది. కన్ను పోయినా, చెవి పోయినా, ఎముకో పన్నో విరిగినా జర్బె షదీద్, అంటే దారుణ గాయం. కొట్టినవాడికి జైలు. అవేవీ లేకపోయినా, దెబ్బ తిన్న మనిషి ఇరవై రోజులు తన రోజువారీ పని చేసుకోలేకపోతే అదీ దారుణ గాయమే. ఒక్కరోజు తగ్గిందా, మామూలు దెబ్బ కింద జరిమానా కట్టి మీసం మెలేస్తూ ఇంటికి పోవచ్చు.

బీరువాలో మందుల కింది అరలో వింత సామాను ఉండేది. ఒక దబ్బనం, చేంతాడు, తునికాకుల కట్ట, పిడికి కట్టుగుడ్డ చుట్టిన చెరుకు కత్తి. కొత్తగా వచ్చిన డాక్టర్లు నవ్వేవారు. నూరుల్లా కారణం చెప్పేవాడు కాదు. కారణం నాగవ్వ. బీడీలు చుట్టే మనిషి, మొగుడు ఆమె వేళ్ళు మెలిపెట్టి నలగ్గొట్టాడు. పద్దెనిమిదో రోజున పుండు మూసుకుంది, నూరుల్లా మానిందని రాశాడు. తీర్పులో మొగుడు జరిమానాతో బయటపడ్డాక, కోర్టు మెట్ల మీద ఆమె ఒక ఆకు తీసి ఆయన ముందే చుట్టబోయింది. వేళ్ళు ముడవలేదు. ఆకు జారి ఆయన చెప్పుల మీద పడింది. అప్పటినుంచి ఆయన పుండు చూసి ఊరుకోలేదు. ఎవరి పనిముట్టు వాళ్ళ చేతికిచ్చి పట్టి చూపమనేవాడు.

ఈ రోజు హన్మాండ్లు రావాలి. చెరుకు నరికే కూలీ. మేస్త్రీ బాపురావు బండి కర్రతో అతని కుడి ముంజేతి మీద కొట్టి నేటికి ఇరవై రోజులు. నిజామాబాద్ పంపి తీయించిన ఎక్స్‌రే ఫోటోలో ఎముక విరగలేదని తేలింది. ఇక మిగిలిన ఆశ ఈ ఇరవయ్యో రోజే. పదకొండు దాటినా మనిషి జాడ లేదు. కట్టు మార్పించుకోవడానికి వచ్చిన ముసలమ్మ సంగతి చెప్పింది. బాపురావు తమ్ముడు రామ్‌దాస్ పొద్దున్నే వచ్చి, రెండింతల కూలి ఇస్తానని హన్మాండ్లును తోటకు తోలుకుపోయాడట.

నూరుల్లాకు ఎత్తు అర్థమైంది. పదిమంది చూస్తుండగా హన్మాండ్లు నాలుగు గడలు నరికితే చాలు, బాపురావు బయటపడినట్టే. పొద్దుటి నుంచి ఆయనకు రొమ్ములో బరువుగా ఉంది. భార్య రబియా కర్పూరం నూనె రాసి సెలవు పెట్టమంది. రేపు పెడతానన్నాడు. ఇప్పుడు పుస్తకం, సిరా సంచిలో వేసుకుని, కత్తి చేతబట్టి కాలువ గట్టెక్కాడు. గాయాలు కట్టి కట్టి విసుగొచ్చి సాబు నరకడానికే బయలుదేరాడని దారిలో ఒకడు ఎకసెక్కమాడాడు. తోట దాకా ఉన్న రెండు మైళ్ళలో ఆయన నాలుగుచోట్ల కూర్చుని లేచాడు.

చక్కెర ఫ్యాక్టరీ నుంచి కోతకు అనుమతి చిట్టీ ఆలస్యమై, తోటలో పని అప్పుడే మొదలవుతోంది. హన్మాండ్లు ఎడమచేత్తో కత్తి పట్టుకుని వరుస ముందు నిలబడ్డాడు. అతని భార్య లింగవ్వ పక్కనే ఉంది. గట్టు మీద రామ్‌దాస్. ఎందుకొచ్చావని నూరుల్లా అడిగితే హన్మాండ్లు తల దించుకున్నాడు.

“పద్నాలుగో నాడే మంచం దించేసిండ్రు గద సాబ్. ఇగ కేసేడిది?”

అక్కడే ఉంది తప్పు. దవాఖానా మంచం మీద ఇరవై రోజులు పడుకుంటేనే లెక్కకు వస్తుందని ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటి నమ్మకం. మంచం దిగిన మర్నాడే పనిలోకి పోయి కేసులు పోగొట్టుకున్నవాళ్ళను ఆయన ఎంతమందినో చూశాడు.

“చట్టం మంచాన్ని అడుగదు, పనిని అడుగుతది. ఇగో, కుడి చేత పట్టు. నరకొస్తే నరికిండనే రాస్త.”

హన్మాండ్లు పట్టాడు. లేపేలోపే కత్తి జారి మట్టిలో పడింది. రెండోసారీ అంతే. కూలీలు పని ఆపి చూస్తున్నారు. రామ్‌దాస్ గట్టు దిగి వచ్చి, రేపు వీళ్ళ పొయ్యి నువ్వు వెలిగిస్తావా అని నూరుల్లాను నిలదీశాడు. వెలిగించలేడు. జవాబు లింగవ్వ చెప్పింది.

“ఇరువై దినాలు గంజి తాగినం రాందాసన్నా, ఇంకొక్క పూట తాగుతం. మా ఇంటాయన ఇయ్యాల కత్తి పట్టడు.”

అని మొగుడి ఎడమచేతిలోని కత్తి తీసుకుని తనే వరుసలోకి దిగింది.

తాను వెనుదిరగ్గానే రామ్‌దాస్ ఏదో ఒకటి చేయిస్తాడు, లేదా చేశాడని చెప్పిస్తాడు. పొద్దుగూకితేగానీ రోజు నిండదు. నూరుల్లా గట్టు మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. హన్మాండ్లును ఎదురుగా కూర్చోబెట్టుకుని పాత కట్టు విప్పి కొత్తది కట్టాడు. సాయంత్రపు అసర్ నమాజు కూర్చునే చదివాడు. చలికాలమైనా ఆయన అంగీ చెమటతో తడిసింది. లింగవ్వ చూసి భయపడి, బండెక్కి ఇంటికి పొమ్మని బతిమాలింది.

“పొద్దుండంగ పోను,” అన్నాడు.

సూర్యుడు చెరుకు వెనక్కి దిగాక మళ్ళీ కత్తి ఇచ్చాడు. మళ్ళీ జారింది. అప్పుడు పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాశాడు. ఇరవయ్యో రోజు, పొద్దుగూకే వేళ, కుడి చేయి చెరుకు కత్తి పట్టలేదు, మూడుసార్లు చూశాను. కింద సంతకం చేసి ఇద్దరు కూలీల వేలిముద్రలు వేయించాడు. వాళ్ళు సిరా వేళ్ళను చెరుకాకుకు తుడుచుకుంటుండగా, కాసేపు నడుము వాలుస్తానని సంచి తలకింద పెట్టుకున్నాడు. బండి కట్టించి తెచ్చి హన్మాండ్లు లేపాడు. ఆయన లేవలేదు.

అప్పుడే బలవంతాన బండెక్కించి ఉంటే బతికేవాడని లింగవ్వ చాలాకాలం కుమిలింది.

కేసు ఎండాకాలంలో విచారణకు వచ్చింది. రాసినవాడే లేడు, ఇక ఎవరిని ప్రశ్నించమంటారని బాపురావు వకీలు వాదించాడు. ఉద్యోగ ధర్మంగా మనిషి రాసిన రాత అతనితో పాటు చావదని, చట్టమే దాన్ని ఒప్పుకుంటుందని మేజిస్ట్రేటు అన్నాడు. దారుణ గాయమేనని తేలింది. బాపురావు జైలుకు పోయాడు. హన్మాండ్లు కుడి చేయి మాత్రం కుదురుకోలేదు, ఎడమచేత్తో బండి తోలడం నేర్చుకున్నాడు.

తీర్పు మర్నాడు లింగవ్వ దవాఖానాకు వచ్చి, ఆ రోజు గట్టు మీద మిగిలిపోయిన సాబు కత్తిని కొత్తగా వచ్చిన కాంపౌండరు ముందు పెట్టింది. దవాఖానాలో కత్తి ఎందుకని అతను అడిగాడు.

“ఎవరి చెయ్యి ఎంత పోయిందో సూసెతందుకు,” అంది.

అతను ఇంకేమీ అడగకుండా దాన్ని కింది అరలో తునికాకుల పక్కన పెట్టాడు. పిడికి నూరుల్లా చుట్టిన గుడ్డ మీద కాస్త తోట మట్టి అంటుకుని ఉంది, కత్తి అంచు మాత్రం ఒక్క గడనూ తాకకుండా కొత్తగానే ఉంది.