మడత విప్పని చీర

"రాయి. అమ్మకి మనియార్డరు ఇరవై. మా పై చార్జిమన్ గారింటికి మిఠాయి తొమ్మిది. నా టెరిలీన్ చొక్కాకి ఇరవయ్యెనిమిది."

సూర్యారావు నవారు మంచం మీద బాసింపట్టు వేసుకుని దీపావళి ఖర్చు చెబుతున్నాడు. ఉక్కు ప్లాంటువాళ్లు పండగ అడ్వాన్సు నూరు రూపాయలు ఇచ్చారు. ఆయన రాత ఆయనకే అర్థం కాదు కాబట్టి రాసే పని నూకరత్నానిది. రుబ్బురోలు దగ్గర నుంచి లేచి, పిండి చెయ్యి కొంగుకి తుడుచుకుని పెన్సిలు పట్టుకుంది. ఆ పిండి ఆయన ఊరి కుర్రాళ్లు నలుగురి కోసం. ప్లాంటు హాస్టల్లో పడుకుంటారు, రెండు పూటలా ఇక్కడ తింటారు. నెలకి మనిషికి ముప్పయ్యయిదు సూర్యారావు చేతిలో పెడతారు. రత్నం చేతికి వచ్చేవి వాళ్ల ఎంగిలి కంచాలు.

పిల్లలిద్దరి బట్టలు, టపాకాయలు, రాయపూరు నుంచి వచ్చే చెల్లెలి మొగుడికి పంచె. నూరూ అయిపోయింది.

"మరి మీ చెల్లికి?" అంది రత్నం.

"గౌరికి కొత్తగా కొనడమేటి? మీ యమ్మ పంపిన చీర ట్రంకులో ఉంది కదేటి. మడతైనా ఇప్పనేదు. అదెట్టు. పాతిక రూపాయలు మిగిలిపోనాయి. బడ్జెట్టంటే ఇలగుండాల!"

పెన్సిలు ఆగిపోయింది.

రత్నం తల్లి కన్నమ్మ నెల్లిమర్ల జూటు మిల్లులో పనిచేస్తుంది. దుమ్ముకి దగ్గుతూనే షిఫ్టుకి పోతుంది. వారం వారం ఇంతని వాయిదా కడుతూ కూతురికి ఏడాదికో చీర కొంటుంది. ముందటేడు మామిడిపండు రంగుది పంపింది, నిరుడు నెమలికంఠం రంగుది. రెండూ కలరా ఉండల వాసనతో ట్రంకులోంచి లేచి గౌరి ఒళ్లోకి వెళ్లాయి. రత్నమే బొట్టుపెట్టి, చేత్తో అందించింది. "మా అన్నయ్య ఎంపికే ఎంపిక!" అని గౌరి మురిసిపోతే, ఎంపిక చేసిన మొనగాడు మీసం దువ్వుకున్నాడు. మడత విప్పని చీర ఎవరికైనా పెట్టొచ్చు. మూల పసుపు పెట్టి ఒకసారి ఒంటికి చుట్టుకున్నాక, అది ఇక ఆడపడుచుకి పెట్టడానికి పనికిరాదు. ఆ సంగతి తెలిసే, రత్నం చీర విప్పబోయినప్పుడల్లా "పండక్కి కడుదువులే" అనేవాడు సూర్యారావు. ఆ పండగ ఎప్పుడూ గౌరిదే. తల్లి మాత్రం కార్డు రాయించేది, "చీర కట్టావా తల్లీ, రంగు నప్పిందా?" అని. కట్టానమ్మా, నప్పిందమ్మా అని రెండేళ్లూ రత్నం అబద్ధం రాసింది. ఈసారి చెంగావి చీర తెచ్చిన తమ్ముడు చినబాబు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "ఈపాలైనా నీ ఒంటి మీద సూడాలంటోందే అమ్మ" అన్నాడు.

"అది మా యమ్మ నాకు పంపింది. నాకే ఉంచండి" అంది రత్నం.

"నీకెందుకే చీర? ఏ సినేమాకెల్తావు? వొంటింట్లో బొగ్గుల సిగ్డీ పొయ్యికి సూపిత్తావా?"

వసారాలో కంచాల కోసం కూర్చున్న కుర్రాళ్లు ఘొల్లున నవ్వారు. "బొగ్గు మసికి ఏ చీరైతే ఏటొదినా!" అన్నాడు అప్పలసూరి.

ఆ నోటికే ఆమె అన్నం వడ్డించింది. నిన్నటిదాకా ఏడుపొచ్చేది, ఇవాళ కడుపులో సిగ్డీ రాజుకున్నట్టుంది. చొక్కాలో అర్ధరూపాయి తగ్గలేదు. చార్జిమన్ మిఠాయిలో ముక్క తగ్గలేదు. ఈ ఇంట్లో తెగ్గొయ్యడానికి కనిపించేది తను ఒక్కతేనా? నలుగురి తిండికీ తన రెక్కలు పెట్టుబడి, పండక్కి తన తల్లి దగ్గు పెట్టుబడి. పేరు మాత్రం ఆయనది!

దీపావళి నాడు పొద్దున్నే గౌరీ, మొగుడూ దిగారు. సూర్యారావు కొత్త టెరిలీన్ చొక్కా చేతులు సవరించుకుంటూ, "నీకేటి తెచ్చానో సూడే చెల్లీ, పవర్ హౌస్ బజారంతా తిరిగితే దొరికింది" అన్నాడు. లోపలికి కేక పెట్టాడు. "రత్నం! బొట్టెట్టి ఆ చీరిచ్చెయ్!"

లోపల రత్నం చీర మడత విప్పింది. నాలుగు మూలలా పసుపు రాసింది. కుచ్చిళ్లు పోసుకుని, కుంకుమ బరిణె పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

సూర్యారావు మొహం మాడిపోయింది. "ఏటే ఇది! మతి పోయిందా?"

"మా యమ్మ నాకు పంపిన చీర" అంది రత్నం. వంగి గౌరికి బొట్టు పెట్టింది. "మీ అన్నయ్య బజారంతా తిరిగి తెచ్చిందేదో ఆయన్నే అడుగమ్మా."

గౌరి ఆ చీర వైపు, పసుపు మూల వైపు చూసింది. నెమ్మదిగా అడిగింది. "వొదినా, ఆ మామిడిపండు రంగుదీ? నెమలికంఠందీ?"

రత్నం బరిణె మూత పెట్టింది. గౌరి అన్న వైపు తిరిగింది. ఆయన చొక్కా గుండీ కేసి చూసుకుంటున్నాడు.

"సిగ్డీ మీద ఎసరు మరుగుతోందే!" అన్నాడు.

"మీరు దించండి. కొత్త చీర, మసవుద్ది" అంది రత్నం. గోడవార పీట వాల్చుకుని కూర్చుంది. పద్దు రాసిన పెన్సిలే తీసి కార్డు మీద రాసింది.

"అమ్మా, చీర కట్టాను. ఇదివరకు రెండుసార్లు రాసింది అబద్ధం."